నల్లబల్ల మీద తప్పు

తరగతి గదిలో ఉపాధ్యాయుడు చేసే తప్పులు మూడు రకాలు: చెప్పిన విషయంలో తప్పు, చెప్పిన తీరులో తప్పు, పిల్లల పట్ల చేసిన తప్పు. మూడింటినీ ఒప్పుకోవలసిందే. ఒప్పుకునే పద్ధతి మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకం.

విషయంలో తప్పు దిద్దుకోవడానికి అన్నిటికంటే తేలికైనది, దాచుకోవడానికీ తేలికైనదే. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందని, అందుకే ఎండలు మండుతాయని చెప్పేవాళ్లు ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణిలో పిల్లలు ఈ మాటను తమ ఊళ్లోనే పరీక్షించవచ్చు. డిసెంబరు 31 రాత్రి సుబ్రహ్మణ్యస్వామి కొండకున్న 365 మెట్లకూ పూజ చేస్తారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, జనవరి మొదటి వారంలో, భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుంది. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో అది 15.2 కోట్లకు పెరుగుతుంది. ఋతువులు మారేది భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల. "మరి పొంగల్‌కి చలెందుకు సార్?" అని ఒక అమ్మాయి అడిగిందనుకుందాం. "పరీక్షకు రాదు, కూర్చోమ్మా" అంటే ఆమె రెండు అబద్ధాలు నేర్చుకుంటుంది: ఒకటి భూమి గురించి, రెండోది ప్రశ్న అడగడం గురించి. మొదటిది ఎప్పుడో ఏ పుస్తకమో దిద్దుతుంది. రెండోది దిద్దే పుస్తకం లేదు.

తీరులో తప్పు పిల్లల నోటుబుక్కుల్లో బయటపడుతుంది. "చిన్న అంకెలోంచి పెద్ద అంకె పోదు" అని చిన్న తరగతుల్లో ఖాయంగా చెప్తే, 42లోంచి 17 తీసివేయమన్నప్పుడు కొందరు 7లోంచి 2 తీసేసి 35 అని రాస్తారు. ఒక్కరు అలా రాస్తే ఆ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోవాలి. సగం తరగతి అలాగే రాస్తే దిద్దవలసింది బోధనను. గిజుభాయి బధేకా రాసిన 'పగటికల'లో ఉపాధ్యాయుడి ప్రయోగం మొదటి రోజే బెడిసికొడుతుంది. అతను పిల్లలను నిందించకుండా మర్నాటికి పద్ధతి మార్చుకుంటాడు.

మూడో తప్పు, పిల్లల పట్ల చేసేది, అన్నిటికంటే బరువైనది. దానికీ తిరుత్తణిలోనే ఉదాహరణ చూడవచ్చు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది, ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2006 చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళ లిపిలో క, గ శబ్దాలకు ఒకటే అక్షరం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు "గ ఏది?" అని వెతికితే అతని చెవి చురుకైనదని అర్థం. అతన్ని మొద్దు అంటే అది అన్యాయం. నలుగురి ముందు అన్న మాటను ఆ నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. స్టాఫ్‌రూమ్‌లో పడే పశ్చాత్తాపం ఆ పిల్లవాడికి చేరదు.

గౌరవం పోతుందన్న భయమే వీటన్నిటికీ అడ్డు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలకు భయం లేని చదువు ఉండాలంటుంది. తనిఖీకి, ఫలితాలకు, తల్లిదండ్రుల మాటకు జంకే ఉపాధ్యాయుడు ఆ చదువు చెప్పలేడు. తప్పు ఒప్పుకున్న టీచరును చులకన చేసే ప్రధానోపాధ్యాయుడు తప్పులు దాచడం నేర్పుతున్నట్టే. అలాగని ఒప్పుకోలును ఆడంబరం చేయనక్కర్లేదు. ఏటా అదే పాఠంలో అదే తప్పు చేసి క్షమాపణ చెప్తే అది వినయం అనిపించుకోదు, పాఠానికి సిద్ధం కాకపోవడమే.

మన శాస్త్ర సంప్రదాయంలో ఇందుకు చక్కని మార్గం ఉంది. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి వాదాన్ని, పూర్తిగా చెప్పి, అది ఎక్కడ నిలవదో చూపించాకే సిద్ధాంతానికి వస్తారు. ఉపాధ్యాయుడి పొరపాటును కూడా హడావిడిగా తుడిచేయకుండా కాసేపు బల్ల మీదే ఉంచి, అది ఎందుకు నిజమనిపించిందో, ఎక్కడ నిలవలేదో పిల్లలతోనే చెప్పిస్తే ఆ తప్పే పాఠమవుతుంది.

1888లో తిరుత్తణిలో పుట్టి, 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్వశాస్త్ర బోధన మొదలుపెట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవమైంది. సెప్టెంబరు 5న ఉపాధ్యాయుడికి దండ వేసే బడి, మిగతా రోజుల్లో "నేను చెప్పింది తప్పు" అనగలిగే ధైర్యాన్ని కూడా అతనికి ఇవ్వాలి.