ఉపవాసానికి ముందు నర్సమ్మను అడగండి



తపస్సుకాలం వచ్చిందంటే మన విచారణల్లో ఉపవాసాన్ని గట్టిగా పాటించేది ఎవరో ఒకసారి గమనించండి. కుర్రవారు కాదు. యాభై దాటిన తల్లులు, అరవై దాటిన తండ్రులు. వారిలో చాలామంది చక్కెర వ్యాధి ఉన్నవారే. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకొంటారు, శుక్రవారం గదా అని టిఫిను మానేస్తారు, ఎండలో సిలువ మార్గానికి వస్తారు. పదవ స్థలం దగ్గరకు వచ్చేసరికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి కూలబడిపోతారు. చుట్టూ ఉన్నవారు భక్తి పారవశ్యం అనుకొంటారు, లేదా వడదెబ్బ అనుకొని తల మీద నీళ్ళు చల్లుతారు. అసలు సంగతి రక్తంలో చక్కెర పడిపోవడం. సూది మందు తన పని తాను చేసుకుపోతుంది. మీరు అన్నం తిన్నారా లేదా అని అది చూడదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలదీ అదే తీరు.

అలాంటప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట చూడాలి. వణుకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకొన్నాక కాస్త అన్నమో రొట్టో పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

ఇంతకీ శ్రీసభ మనలను ఏమి అడుగుతోంది? ఉపవాస నియమం 18 ఏళ్ళు నిండినవారికి, అదీ 59 ఏళ్ళు నిండేవరకే. సంవత్సరంలో రెండే రోజులు: విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం. ఆ రోజుల్లో సైతం ఒక పూట నిండు భోజనం, మిగతా రెండు పూటలా కొద్దిగా ఆహారం తీసుకోవచ్చునని ఆరవ పౌలు పోపుగారు 1966లోనే స్పష్టం చేశారు. వ్యాధిగ్రస్తులపై శ్రీసభ ఆ బరువు మోపదు. దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు పాటించే ఉపవాసం సంగతి కూడా వినండి. మంచినీళ్ళు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకొనేవారికి ఆ గంట నియమం కూడా లేదు. మరి ఈ మాట తెలియక ఎందరు అమ్మలు ఖాళీ కడుపుతో ఆదివారం పూజకు వస్తున్నారో! గురువులమైన మేము పీఠం మీద నుండి ఇంకా గట్టిగా చెప్పవలసిన విషయమిది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమా అక్వినాసు వారి బోధ ఒకటి నా మనసుకు బాగా పట్టింది. వివేకం తోడు లేనిదే ఏ నిగ్రహమూ సుగుణం కాజాలదని ఆయన భావం. ఆకలిని అణచుకోవడం మొండితనం వల్లా సాధ్యమే, పొరుగువారి మెప్పు కోసమూ సాధ్యమే. చక్కెర వ్యాధి ఉన్నవారికి తగిన తపస్సు వేరే ఉంది. రెండోసారి అన్నం వడ్డించుకోకుండా లేవడం, వేళకు తినడం, రోజూ అరగంట నడవడం. నలభై రోజులు కాదు, ఏడాది పొడవునా. ఉపవాసం కంటే ఇది కష్టమని చేసినవారికి తెలుసు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తేల్చింది. ఇంతమందికి డాక్టరు చీటీ ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు కూర్చొని నేర్పాలి. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎలియట్ జోస్లిన్ అనే వైద్యుడు 1918లోనే, ఇన్సులిన్ ఇంకా రాకముందే, రోగులు చదువుకొనే చేతిపుస్తకం రాసి, రోగులకు నేర్పే పనిని నర్సులకు అప్పగించారు. మన గుంటూరునే తీసుకోండి. 1920లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన డాక్టరు సిస్టర్ మేరీ గ్లౌరీ తానొక్కతే ఎందరికని వైద్యం చేయగలనని ఆలోచించి, ఇక్కడి స్త్రీలకే నర్సు పని, మందులు కలిపే పని, పురుడు పోసే పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించిందీ ఆమెయే. ఆ బాటలో నడిచే సిస్టరమ్మలు, నర్సమ్మలు మీ దగ్గరలోని ఆసుపత్రిలో ఉన్నారు. సూది ఎక్కడ వేసుకోవాలి, రోజూ చోటు ఎందుకు మార్చాలి, అన్నం ఎంత పెట్టుకోవాలి అని వారిని అడగండి. సిగ్గుపడకండి.

పాదాల సంగతి వేరుగా చెప్పాలి. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకొన్నా నొప్పి తెలియదు, పుండు పడినా తెలియదు. తెలిసేసరికి వేలు తీసివేయాలంటారు, కొందరికి కాలే. గుణదల మాత ఉత్సవాలకు చెప్పులు లేకుండా నడిచి వస్తామని మ్రొక్కుకొనే తండ్రులారా, మీకు చక్కెర ఉంటే చెప్పులతో రండి. ఏ తల్లి తన బిడ్డ కాలు పోవాలని కోరుతుంది? పవిత్ర గురువారం నాడు మేము పన్నెండుమంది పాదాలు కడుగుతాము, మీరందరూ చూస్తారు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మీ నాన్నగారి అరికాళ్ళు దీపం వెలుగులో ఒకసారి చూడండి. వేళ్ళ సందులు కూడా చూడండి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, సందుల్లో తడి లేకుండా తుడవండి. నీళ్ళ వేడి మీ మోచేతితో చూడండి. ఆయన కాలికి వేడి తెలియదు. ప్రతి రాత్రీ ఇది జరగాలి.

ఇంకొక మాట, కాస్త కటువుగానే చెబుతాను. స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చి బిడ్డకు ఇన్సులిన్ ఆపివేసే కుటుంబాలు ఉన్నాయి. 1922కు ముందు ఇన్సులిన్ లేని రోజుల్లో ఆ జాతి చక్కెర వ్యాధి వచ్చిన పిల్లలు నెలల్లోనే చనిపోయేవారు, మహా అయితే రెండు మూడేళ్ళు. ఆ యేడు జనవరిలో టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి మొదటి సూది పడింది. అతడు మరో 13 ఏళ్ళు బ్రతికాడు. భూమిలోనుండి ఔషధాలు పుట్టించినది దేవుడేనని, వైద్యుని గౌరవించాలని సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయంలో చదువుతాము. ప్రార్థించండి, సూదీ వేయండి. జ్వరమొచ్చి పిల్లవాడు అన్నం తిననన్నా ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. మోతాదు ఎంతో ఆసుపత్రిలో అడగండి.

ఇంట్లో ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తడి ఇసుకలో ఉంచిన చిన్న మట్టికుండలో, నీడపట్టున పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ ఉన్నవారు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన మందు పనికిరాదు.

మా విచారణలో ఈ తపస్సుకాలం శుక్రవారాల్లో సిలువ మార్గం జరిగేటప్పుడు సాక్రిస్తీ బల్ల మీద పంచదార డబ్బా, మంచినీళ్ళ కూజా పెట్టిస్తున్నాను. ఒళ్ళు వణికితే ఏ స్థలం దగ్గరున్నా సరే, ప్రార్థన మధ్యలోనైనా లేచి వెళ్ళి కలుపుకొని త్రాగండి. ఎవరినీ అడగనక్కరలేదు.