మాతృభాష గడి

2011 జనాభా లెక్కలకొచ్చిన మాస్టారు మా వరండాలో కూచుని మాతృభాష ఏందని అడిగాడు. తెలుగన్నాను. ఇంకేం భాషలొచ్చు? ఇంగ్లీషన్నాను. తలెత్తి చూసి "మీకా?" అన్నాడు. ఆ కాయితంలో ఏ భాషలొచ్చో రాయటమే గానీ, ఎంతొచ్చో రాసే గడి లేదు. ఆ చూపులో మాత్రం వుంది.

జనాభా లెక్కలోళ్ళ ప్రకారం మాతృభాషంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. ఆ ఏడు దేశంలో తెలుగు రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షల పైమాటే. అందులో మాయమ్మ కూడా వుంది. లెక్కల్లో తెలుగైన మాయమ్మ మాట బళ్ళో తెలుగు కాలేదు. మూడో తరగతిలో 'మాయమ్మ కూలికి బోయింది' అని రాస్తే అయ్యవారు ఎర్రసిరాతో కొట్టేసి 'మా అమ్మగారు పనికి వెళ్ళారు' అని దిద్దాడు. ఆ సాయంత్రమే మా మాదిగపల్లె మొదట్లో నిలబడి "ఏమే, రేపు మా కళ్ళంలోకి రా" అని మాయమ్మని కేకేశాడు. ఆ 'గారు' నా నోటుబుక్కులోనే వుండిపోయింది. మేం తినే కూడు, గొడ్డుకూర ఏ వాచకంలోనూ నాకు కనపడలా. నేను బళ్ళో నేర్చిన మొదటి పరాయిభాష తెలుగే. ఇంగ్లీషు రెండోది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు జీవో ఇచ్చి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం అన్నది. తల్లిభాష చచ్చిపోతందని పెద్దలు గగ్గోలు పెట్టారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. అమ్మ మాటలో చెపితే పిల్లలకి బాగా తలకెక్కుద్ది, కాదనను. ఎవరి అమ్మ మాట? 2011లో ఇంగ్లీషుని మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 2 లక్షల 60 వేలమంది కూడా లేరు. మరి పెద్ద కోర్టుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఆ ఇంగ్లీషంతా ఎక్కణ్ణించొచ్చింది? అమ్మ వొళ్ళోంచి రాలా. ఫీజులు కట్టి కొనుక్కున్నదే. వాళ్ళు కొంటే చదువు, మేం కొనబోతే ద్రోహమా?

ఇంతవరకూ నాకు అనుమానం లేదు. అవతల వుంది చిక్కంతా.

పోయిన ఎండాకాలం నా కూతుర్ని పల్లెకి తీసుకెళ్ళా. మాయమ్మ దాన్ని చూసి "ఎందుకట్టా డస్సిపోయావే?" అంది. పిల్ల నా మొహం చూసింది. "నీరసంగా ఎందుకున్నావని నాయనమ్మగారు అడుగుతున్నారు" అని చెప్పా. చెప్పినాక నాలిక కరుచుకున్నా. ఎవరూ అడక్కుండానే మాయమ్మ మాటని నేను దిద్దాను. అయ్యవారికి జీతమన్నా ఇచ్చారు.

ఇంగ్లీషు మాన్పించే పనయితే లేదు. మళ్ళా లెక్కలకొచ్చి పిల్ల మాతృభాష ఏందంటే తెలుగనే రాయిస్తా. దాని చిన్నప్పుడు నేనూ మా ఆవిడా దాంతో మాట్లాడింది మాత్రం వచ్చీరాని ఇంగ్లీషే. అప్పుడొకసారి మాయమ్మ మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంది. "పసిబిడ్డతో ఏందిరా ఆ మాటలు? నాకు తెలవకూడదనా?" అని అడిగింది. నేను నవ్వి వూరుకున్నా.