మొసలి వైపు ఎవరున్నారు?

వరంగల్ వాళ్ళకు ఏనుగూ మొసలీ పోట్లాట కొత్త కాదు. పాలకుర్తి పక్కనున్న బమ్మెరే భాగవతం రాసిన పోతన ఊరు. గజేంద్రమోక్షం పద్యాలు బడిలో బట్టీ పట్టినవాళ్ళు ఈ చుట్టుపక్కల వీధికొకరైనా దొరుకుతారు. ఏనుగు మొర వినగానే పక్కనున్న లక్ష్మితో మాట మాత్రం చెప్పకుండా, శంఖచక్రాలైనా అందుకోకుండా విష్ణువు బయల్దేరిన తీరు వాళ్ళకు నోటికి వచ్చు. అలా పెరిగినవాళ్ళు హైదరాబాద్, ముంబయిల మీదుగా నైరోబీలో దిగి, మసాయ్ మారాకు వెళ్ళి, పైకప్పు ఎత్తిన జీపులో నిలబడతారు. నదిలో మొసలికి చిక్కిన జంతువును కళ్ళారా చూస్తారు. అప్పుడు లోపల ఒక ప్రశ్న మెదులుతుంది: ఇంతమందిమి ఉండి, ఎవరమూ ఏమీ చేయమా?

చేయరు. చేయకూడదన్నదే అక్కడి నియమం.

మారా నది దాటడమంటే సినిమాలో చూసినంత తొందరగా అయిపోయే పని కాదు. జూలై నుంచి అక్టోబరు దాకా పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటి వైపు నుంచి లక్షలాది వైల్డ్‌బీస్టులు మేత కోసం ఇటు వస్తాయి. గట్టు మీద గుంపు కడతాయి. ముందున్నది ఒక అడుగు దించి, నీళ్ళు వాసన చూసి, వెనక్కి తిరుగుతుంది. దానితోపాటు గుంపంతా తిరుగుతుంది. జీపుల్లో బిస్కెట్ పొట్లాలు ఖాళీ అవుతాయి, కెమెరాలు దించేస్తారు. ఉన్నట్టుండి ఒకటి దూకుతుంది. ఇక ఆగేది లేదు, దుమ్ములోంచి ఒకదాని మీద ఒకటి పడుతూ దూకేస్తాయి. మొసళ్ళు కాచుకునే ఉంటాయి. అయినా చావుల్లో ఎక్కువ భాగం వాటి ఖాతాలోకి రాదు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ నదిలో ఏటా సగటున ఆరు వేలకు పైగా వైల్డ్‌బీస్టులు మునిగిపోయి చస్తాయి. ఆ మాంసంలో మొసళ్ళు తినేది చాలా కొంచెం. మిగిలింది రాబందులకు, మారబూ కొంగలకు, చేపలకు పోతుంది. ఎముకలు ఏళ్ళ తరబడి నీళ్ళలో కరుగుతూ నదికి సారమిస్తాయి. గట్టు మీది మనిషికి ఘోరంగా కనిపించేదే నదికి ఆ ఏటి తిండి.

అంతమాత్రాన చూసేవాడి బాధ తప్పని తేలిపోదు. మన కథలు ఈ బాధను తేలిగ్గా వదిలేయలేదు. పోతన కథనే మళ్ళీ చూస్తే, ఆడ ఏనుగులను వెంటబెట్టుకుని మొసలి ఉన్న మడుగులోకి దిగింది గజేంద్రుడే. నీళ్ళలో బలం మొసలిది. విష్ణువు వెంట వచ్చిన చక్రం తగిలాక మొసలి సంగతి ఏమైంది? దేవలుడి శాపంతో మొసలిగా పుట్టిన హూహూ అనే గంధర్వుడు తన రూపం తాను పొంది వెళ్ళిపోయాడు. ఏనుగుకు మోక్షం వచ్చిందని అందరూ చెప్పుకుంటారు గానీ, మొసలికీ విడుదల దొరికిందన్న సంగతి పురాణ కాలక్షేపాల్లో అంత గట్టిగా వినపడదు.

శిబి చక్రవర్తి కథలో డేగ నేరుగానే నిలదీస్తుంది. పావురాన్ని కాపాడి నీ ధర్మం నిలబెట్టుకున్నావు, మరి నా ఆకలి మాటేమిటి? రాజు జవాబు చెప్పలేక తన తొడ మాంసం కోసి తూకంలో పెట్టాడు. జీపును అడ్డం పెట్టి సింహం నుంచి జింకను కాపాడమని డ్రైవర్‌ను బతిమాలేవాడు ఆ సింహానికి ఏమిస్తాడో కూడా చెప్పాలి కదా!

హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలున్నాయి. ఆ జైనంలోనే ఈ ప్రశ్న మీద పెద్ద వాదం నడిచింది. రాజస్థాన్‌లో 1760లో తేరాపంథ్ శాఖను స్థాపించిన ఆచార్య భిక్షు, పిల్లి నోటి ముందు నుంచి ఎలుకను బలవంతంగా తప్పించడం లోకం మెచ్చే దయే గానీ ఆత్మకు పనికొచ్చే ధర్మం కాదన్నాడు. తోటి జైనులు చాలామందికి అది రుచించలేదు. ఇప్పటికీ రుచించనివాళ్ళున్నారు. రామప్ప శిల్పులకు మాత్రం ఈ బెంగ ఉన్నట్టు లేదు. 1213 నాటి ఆ గుడి పీఠం చుట్టూ బారులుగా ఏనుగులను నడిపించి, పైన చూరు కింద ఏనుగులను తొక్కే సింహాలను, గజకేసరులను, నిలబెట్టారు.

అయితే సఫారీకి వెళ్ళినవాడు వెతుక్కోవాల్సిన తప్పు కాపాడకపోవడంలో లేదు. తాను కేవలం చూస్తున్నానని అనుకోవడంలో ఉంది. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీది రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంటే రెండోది ఊరికే చూస్తూ ఉంటుంది. ఆ సాక్షి పక్షికి డీజిల్ బండి లేదు, వైర్‌లెస్‌లో కబురు రాగానే పరుగు తీసే డ్రైవర్ లేడు. జీపులో ఉన్నవాడికి అవన్నీ ఉన్నాయి. మారాలో చీతాల మీద జరిగి 2018లో వెలువడిన పరిశోధన లెక్క చూడండి: పర్యాటకుల తాకిడి ఎక్కువున్న చోట ఈతకు సగటున 0.2 పిల్లలే బతికి బట్టకడితే, తక్కువున్న చోట 2.3 బతికాయి. చీతా వేటాడేది ఎక్కువగా పగటిపూటే. బండ్లు చుట్టుముడితే వేట చెడుతుంది, దొరికిన మాంసమైనా నిమ్మళంగా తిననివ్వవు. ఎవరూ రాయి విసరలేదు, హారన్ కొట్టలేదు. అందరూ కళ్ళప్పగించి చూశారంతే, పిల్లలు దక్కలేదు.

ఈ దోషం ఆఫ్రికాకే పరిమితం కాదు. మేడారం ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యంలోనే. అడవికి వెళ్ళిన కోయ దొరలకు పులుల మధ్య ఆడుకుంటూ పసిపాపగా సమ్మక్క కనిపించిందని ఆ తల్లి కథ చెబుతుంది. రెండేళ్ళకోసారి జాతరకు లక్షల మంది ఆమె కోసం అదే అడవిలోకి వెళ్తారు. వెనక మిగిలే ప్లాస్టిక్‌ను ఏరడం జాతర తర్వాత అధికారులకు ఇంకో జాతర. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళూ, టికెట్టు కొని వెళ్ళినవాళ్ళూ ఇద్దరూ దర్శనానికే వెళ్ళామంటారు. అడవి వైపు నుంచి చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

అలాగని వెళ్ళడం మానేస్తే సరిపోతుందా? కెన్యా 1977లో వేటను నిషేధించింది. జంతువులను కాపాడే ఖర్చులో పెద్ద వాటా ఇప్పుడు చూడటానికి వచ్చేవాళ్ళే మోస్తున్నారు. మసాయ్ మారా రిజర్వు చుట్టూ మసాయ్ కుటుంబాలు తమ పశువుల బీళ్ళను, వన్యప్రాణుల కోసం నడిపే కన్సర్వెన్సీలకు కౌలుకిచ్చి నెలనెలా డబ్బు తీసుకుంటున్నాయి. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు ఆ రాబడికీ గండి పడింది. జాతీయ పార్కు కోసం సెరెంగెటి లోపల ఉన్న మసాయ్‌లను 1959లో బయటికి పంపించేశారు. ఆ సంగతి తెలిసినవాళ్ళకు ఈ కౌలు డబ్బు విలువ వేరుగా తెలుస్తుంది.

ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి నిలపకూడదని మారాలో నియమం ఉంది. ఏడో బండి, ఎనిమిదో బండి అక్కడికి చేరేది చాలాసార్లు వెనక సీట్లోంచి వచ్చే తొందర వల్లే, టిప్పు మీద డ్రైవర్‌కున్న ఆశ వల్లే. కన్సర్వెన్సీల్లో గదులు తక్కువ, బండ్లు తక్కువ, ఖర్చు మాత్రం ఎక్కువ. వరంగల్‌లో టూర్ బుక్ చేసుకునేవాళ్ళు ఏజెంటును మొదట అడిగేది భోజనంలో పప్పూ అన్నం ఉంటాయా అని. ఎన్ని బండ్లను లోపలికి వదులుతారు, భూమి ఎవరిది, వాళ్ళకు ఎంత ముడుతుంది అని కూడా ఆ ఫోన్‌లోనే అడగొచ్చు.