ఖరీదైన సైకిలు: అవసరమా, ఆడంబరమా?

ఇటీవల హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. దూరాలు తొక్కడానికి రోడ్ సైకిలు కొనాలని అతని కోరిక. దుకాణంలో రెండు నచ్చాయి. అల్యూమినియం ఫ్రేముది నలభై వేలు, కార్బన్ ఫ్రేముది లక్షా ఇరవై వేలు. "మౌలానా! రెండోది కొంటే ఇస్రాఫ్ అవుతుందా?" అని అడిగాడు.

ధర ఎక్కువైనంత మాత్రాన ఏ వస్తువూ దుబారా కాదు. అవసరానికి మించి ఖర్చు చేయడం ఎలా తగదో, స్తోమత ఉండి కూడా అవసరానికి ఖర్చు చేయకపోవడం అలాగే తగదు. కనుక ఆ అదనపు సొమ్ము తెచ్చిపెట్టే ప్రయోజనమేమిటో ముందు చూడాలి.

మనిషి డెబ్భై కిలోలు, సైకిలు పది కిలోలు అనుకుందాం. ఖరీదైనది రెండు కిలోలు తేలికైతే మొత్తం బరువులో తగ్గేది నూటికి రెండున్నర వంతులే. గంటసేపు ఎక్కే కొండదారిలో కూడా కలిసొచ్చేది సుమారు ఒకటిన్నర నిమిషం! చదునైన రోడ్డు మీద అదీ ఉండదు. అక్కడ వేగాన్ని ముఖ్యంగా అడ్డుకునేది ఎదురయ్యే గాలి. 'బ్రెవే' అనే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. అంటే విరామాలతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు వెళ్తే చాలు. అందుకు మొదటి సైకిలు సరిపోతుంది.

అలాగని చవకదే ఎప్పుడూ మేలని కాదు. ఒంటి కొలతకు సరిపడని సైకిలు నడుమునొప్పి తెచ్చిపెట్టి, చివరకు బాల్కనీలో తుప్పు పడుతుంది. అదీ దుబారాయే. తగిన కొలత, నమ్మకమైన బ్రేకులు, మంచి టైర్లు, హెల్మెట్ వీటి దగ్గర లోభించకూడదు.

"మరి నీ మనసు రెండోదాని మీదికే ఎందుకు పోతోంది?" అని అడిగాం. కాసేపు మౌనంగా ఉండి, "ఆదివారం నాతో వచ్చేవాళ్ల దగ్గర అలాంటివే ఉన్నాయి" అన్నాడు. చెల్లెలి కాలేజీ ఫీజు ఇంకా కట్టవలసి ఉందని కూడా అతనే చెప్పాడు. అతనికి జవాబు దొరికింది.

ఇంటి బాధ్యతలన్నీ తీర్చి, పందాల కోసమో నిజమైన ఇష్టంతోనో కొనుక్కునే వారిని మనం తప్పుపట్టలేం. కాని కొనే ముందు మనలో ప్రతి ఒక్కరూ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఎవరూ చూడని దారిలో తొక్కవలసి వచ్చినా ఇంత ధర పెడతామా? సైకిలుకే కాదు, సెల్‌ఫోనుకూ పెళ్లి విందుకూ కూడా ఇదే కొలబద్ద.