ఆరిన దీపస్తంభము

ఉపయోగము తీరిన దానికి గౌరవమేల? ఈ ప్రశ్న పైకి స్వల్పముగ కన్పట్టినను, దీనికి మనమిచ్చు సమాధానమును బట్టియే మన ధర్మబుద్ధి తెలియును. ‘ఏరు దాటినదాక ఓడమల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడిమల్లయ్య’ యని మన పెద్దలు ఊరక యనలేదు. అక్కర యున్నంతవరకు మ్రొక్కి, అక్కర తీరగనే మరచుట మానవునకు అలవాటైన దోషము.

కృష్ణాతీరమందలి మా ధరూరు ప్రాంతమునకు సముద్రము దూరము. అందుచేత చెన్నపట్టణమున హైకోర్టు ఆవరణములో నిలిచియున్న పాత లైటుహౌసును చూచినప్పుడు మాకు వింతతోపాటు ఆలోచనయు కలిగినది. ఆ పట్టణమున 1796లో సెయింటు జార్జి కోటలోని ఎక్స్‌ఛేంజి భవనముపై నావికులకొరకు కొబ్బరినూనె దీపములు వెలిగించిరి. పిమ్మట కెప్టెను స్మిత్ గ్రీకుల డోరిక్ పద్ధతిని రూపొందించిన రాతిస్తంభము 1844లో వెలిగెను. ఏబది యేండ్లు అది పనిచేసినది. 1894లో దీపము ప్రక్కనున్న హైకోర్టు గోపురమున కెక్కినది. 1977లో మెరీనా తీరమందలి క్రొత్త స్తంభమునకు మారినది. అనగా దీపము ఆరలేదు, స్థానము మార్చుకొన్నది. ఆరినది స్తంభము మాత్రమే.

ఆ స్తంభమును కూడ వెలుగనిచ్చిన నేమి యని యెవరైన నడుగవచ్చును. ప్రతి దీపస్తంభమునకును తన గుర్తు కలదు. ఇన్ని క్షణముల కిన్నిమారులు మెరయవలెనను నియమముండును. ఆ మెరుపులను లెక్కించియే నావికుడు తానే తీరమునకు చేరువయ్యెనో తెలిసికొనును. పాతదియు క్రొత్తదియు వేర్వేరుగ పిలిచినచో నడిసముద్రమందున్నవాడు దేనిని నమ్మును? నిన్న కాపాడిన వెలుగే నేడు దారి తప్పించును. కావున పాత స్తంభము చీకటిగ నుండుటయు ఒక సేవయే.

ఆచారముల విషయమును ఇట్టిదే. మందులెరుగని కాలమున, అంటువ్యాధి సోకిన యింటికి రాకపోకలు మానుట ఊరిని కాపాడియుండును. కాని కుష్ఠము నేడు మందులతో పూర్తిగ నయమగుచున్నది. నయమైన వానిని సైతము పంక్తినుండి లేపువారు పెద్దల ధర్మమును పాటించుట లేదు; ఆర్పవలసిన దీపమును వెలిగించి మనుష్యులను రాళ్లపైకి నడుపుచున్నారు. అట్టి ఆచారమును చరిత్రగ చదువుకొందము. దారి చూపుమని మాత్రము అడుగరాదు.

అట్లయినచో పని చేయలేని మనుష్యులనుకూడ ప్రక్కకు నెట్టవచ్చునా? రాదు. ఆచారము సాధనము, మనుష్యుడు సాధనము కాడు. మా పల్లెలకు కరెంటు మోటార్లు వచ్చినవి, జూరాల కాలువలు వచ్చినవి, మోట మూలబడినది. అది న్యాయమే. కాని మోటతోపాటు మోట తోలిన వృద్ధునిగూడ మూలబడవేయుట న్యాయమగునా? ఆయన చెమటతో తడిసిన పొలమే ఆ యింటి అన్నము. నేడు ఆ పళ్లెమును వసారాలోనికి నెట్టి, రెండు మాటలైన నాడకయే లోపలికి పోవుదురు. ఆ యింటివారే ఊరూరు తిరిగి, పాడుబడిన కోటను చూచి నిట్టూర్తురు!

దీనికి కారణము లేకపోలేదు. స్తంభమును గౌరవించుట సులభము. రాయి అన్నమడుగదు, రాత్రులు దగ్గదు, చెప్పిన మాటనే మరల చెప్పదు. కాని ఆ రాయి తనంతట వెలుగలేదు. ప్రతిరాత్రియు మెట్లెక్కి, నూనె పోసి, వత్తి కత్తిరించి, అద్దములు తుడిచినవారు వెలిగించిరి. ఒడ్డు చేరిన నావికులకు వారి పేర్లు తెలియవు. వారికి నావికుల ముఖములు తెలియవు. ప్రతిఫలము కనబడని ఆ పరిశ్రమయే వందనీయము. స్తంభము దానికి గుర్తు మాత్రమే. గుర్తునకు సున్నము వేసి, గుర్తింపదగిన వానిని మరచుట గౌరవము కాదు, వినోదము.

ఈ రాత్రి ఇంట దీపము పెట్టునపుడు, వసారాలో కూర్చున్న పెద్దలను ‘భోజనమైనదా’ యని ప్రక్కన కూర్చుండి యడిగిన చాలును. చెన్నపట్టణపు స్తంభమునకు మనము చెల్లింపవలసిన గౌరవములో కొంత చెల్లినట్లే.