వంతకు అందే ఎత్తు

శివరాత్రికి మేళ్లచెరువులో శంభులింగేశ్వరస్వామి జాతర మొదలైందంటే పాటగాళ్ల మీద పంచాయితీ కూడా మొదలైనట్టే. ఒకపక్క ఎడ్ల పందాలు, ఇంకోపక్క ఆర్కెస్ట్రా, గుడి దగ్గర జాగారం భజన. టీకొట్టు కాడ పెద్దోళ్లు ఘంటసాల అంటారు, కొడుకులు బాలు అంటారు. ఎవరన్నా గద్దర్ పేరెత్తితే వాదం ముదురుతుంది. "అది గొంతేంది మామా, కేక గదా!" "ఆ కేకకే గదరా ఊళ్లకూళ్లు కదిలింది!"

వాదించుకునే ఇద్దరూ అసలు సంగతి వదిలేశారనిపిస్తుంది నాకు. ఘంటసాల విజయనగరంలో సంగీతం చదువుకున్నారు. బాలు పద్ధతిగా శాస్త్రీయం నేర్చుకోకుండానే వేల పాటలు పాడారు. ఇద్దరి పాటల్లోనూ భారమంతా మైకు ముందున్న ఆ ఒక్క గొంతుదే. మనం వింటాం, మురిసిపోతాం.

గద్దర్ లాంటి వాళ్లు గుంపుతో కలిసి పాడే దళం పాట లెక్క వేరు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ నల్లగొండ గడ్డ మీద బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి'ని 1980లో వచ్చిన 'మా భూమి'లో గద్దర్ తెర మీద కనిపించి పాడారు. అలాంటి పాటలో ముందు గొంతు చేసేది సగం పనే. మిగతా సగం వెనకవాళ్లది. వాళ్లకు అందని ఎత్తులో ఎత్తుకుంటే పాట అక్కడే తెగిపోతుంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలుండేదీ, ఒగ్గుకథలో డోలు, తాళాల వాళ్లు మాట అందుకునేదీ ఇందుకే.

ఓ జాగారం రాత్రి భజనలో దీన్ని దగ్గరగా చూశాను. మూడో జాము దాటింది. ముందు పాడే పెద్దాయన గొంతు బొంగురుపోయింది. హార్మోనియం ఆయన ఎవరూ చెప్పకుండానే రెండు మెట్లు కిందికి దిగాడు. పెద్దాయన చరణం చివరి మాట తను అనకుండా, స్తంభం పక్కన కూర్చున్న ఆడవాళ్ల వైపు చెయ్యి చాపాడు. కునికిపాట్లు పడుతున్న వాళ్లు ఆ మాటను ఎత్తుకున్నారు. అప్పటిదాకా తాళాలు ఒళ్లో పెట్టుకుని తూగుతున్న పిల్లవాడు కూడా లేచి కూర్చున్నాడు.

అట్లాగని భావం ఉంటే చాలు, గొంతుతో పనేముంది అనేవాళ్లతో నేను ఏకీభవించను. మాట నలిగితే వంత పలకదు. చరణం మధ్యలో ఊపిరి అందకపోతే దరువు జారుతుంది. ప్రతి పాదాన్నీ సంగతులతో నింపేసినా వెనకవాళ్లు నోరు తెరిచి వింటారే గాని కలిసి పాడరు. కచేరీలో అది గొప్పే. భజనలో మాత్రం నష్టం.

ఈ రెండు లెక్కలకూ లొంగని మనిషి బెల్లి లలిత. భువనగిరి ప్రాంతపు బిడ్డ, 1999లో చంపేశారు. ఆమెను తెలంగాణ గానకోకిల అన్నారు. ఒంటిగా వినాలనిపించే తీపీ, జనాన్ని లేపే శక్తీ ఒకే గొంతులో ఉండేవి. అంతటి గొంతును తెంపేశారన్న బాధ ఇప్పటికీ తీరదు.

జాతరలో బాలు పాటలు పాడే కుర్రాళ్లను ఒక రాత్రి భజనలో ముందు కూర్చోబెట్టాలని నా కోరిక. వాళ్ల గొంతులు నిజంగా బాగుంటాయి. చరణం చివర ఆగి, అవతలివాళ్ల కోసం చూడటం ఒక్కటే అలవాటు కాలేదు. వాళ్లు పాడేది ట్రాక్ మీద, అది ఎవరి కోసమూ ఆగదు.