గ్రహణం మీద వేసిన నింద



ఒక జుమా రోజు నమాజు తర్వాత ఓ సోదరి తన ఎనిమిదేళ్ళ కొడుకును చంకనెత్తుకొని వచ్చింది. బాబుకు సెరిబ్రల్ పాల్సీ. మెడ సరిగా నిలవదు, మాట రాదు. "మౌలానా! వీడు కడుపులో ఉండగా గ్రహణం నాడు నేను కూరగాయలు తరిగానట. అందుకే ఇలా పుట్టాడని మా అత్తగారు అంటారు. తౌబా చేస్తే అల్లాహ్ నన్ను క్షమిస్తాడా?" అని అడిగింది. చేయని పాపానికి ఎనిమిదేళ్ళుగా ఆ తల్లి తౌబా చేస్తూనే ఉంది!

హిజ్రీ 10లో దైవప్రవక్త (సఅసం) ముద్దుల కుమారుడు ఇబ్రాహీమ్ (రజి) పాలు మరువని వయసులోనే కన్నుమూశారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లనే పట్టిందని జనం చెప్పుకున్నారు. ప్రవక్త (సఅసం) ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు వల్లగానీ బ్రతుకు వల్లగానీ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేసి, నమాజు చేయమన్నారు. పుత్రశోకంలో ఉండి కూడా! మన ఇళ్ళలో ఖుర్ఆన్ పారాయణమూ జరుగుతుంది, గ్రహణం నాడు గర్భిణిని కదలకుండా చీకటి గదిలో పడుకోబెట్టడమూ జరుగుతుంది. ఇదెక్కడి తౌహీద్?

బిడ్డ పుట్టకముందో, కాన్పు సమయంలోనో, ఆ తర్వాత కొద్దికాలానికో మెదడుకు జరిగే హాని వల్ల ఈ స్థితి వస్తుందని వైద్యులు చెబుతారు. తాయెత్తులకు పోసే డబ్బు ఫిజియోథెరపీకి పెడితే బిడ్డకు కొంతైనా మేలు జరుగుతుంది.

"ఏడుపు ఆగదు మౌలానా, నా సబ్ర్ పోయినట్లేనా?" అని కూడా అడిగింది. ఇబ్రాహీమ్ (రజి)ను ఒడిలోకి తీసుకొని ప్రవక్త (సఅసం) కూడా కన్నీరు పెట్టారు. నోట అల్లాహ్‌కు అయిష్టమైన మాట రాకుండా చూసుకున్నారు, అంతే.

ఇక నమాజు సంగతి. తాను కనబడకపోతే బాబు బెదిరి కేకలు పెడతాడట. అందువల్ల పూటలు తప్పిపోతున్నాయట. ప్రవక్త (సఅసం) తమ మనవరాలు ఉమామా (రజి)ను ఎత్తుకొనే నమాజు చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారు. బాబును పక్కనే పడుకోబెట్టుకొని నమాజు చేసుకోమని ఆమెకు చెప్పాను. అయితే ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఉమామా అంత తేలిక కాడు. ఎత్తి దించడానికి ఇంకో మనిషి కావాలి.

ఆమె భర్త గేటు బయట స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి పిలిచి ఉమామా (రజి) హదీసు అతనికి మళ్ళీ మొదటి నుంచి వినిపించాను. వెళ్ళేటప్పుడు బాబును అతనే ఎత్తుకున్నాడు.